సేనాని కూలిన మరునాడు

బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ గురించి రాసేవారు సాధారణంగా రెండు ఘట్టాల దగ్గర ఆగుతారు. దేశ విభజన వేళ పాకిస్థాన్‌కు వెళ్లనని ఆయన తెగేసి చెప్పటం ఒకటి. 1948 జూలై 3న జమ్మూ ప్రాంతంలోని ఝంగర్‌లో ఫిరంగి గుండుకు బలికావటం రెండోది. మొదటిదాన్ని దేశభక్తికి తార్కాణంగా, రెండోదాన్ని త్యాగానికి పరాకాష్ఠగా చూపించి, ఆ రెంటికీ మధ్య యుద్ధభూమిలో గడిచిన ఏడు నెలలను నాలుగు వాక్యాల్లో దాటేయటం ఆనవాయితీ అయిపోయింది. ఈ అలవాటు ఉస్మాన్ ఒక్కరికే అన్యాయం చేస్తోందని నేను అనుకోను. యుద్ధంలో పెద్ద హోదా గల అధికారి మరణించినప్పుడల్లా మనం ఇదే చేస్తాం. చివరి క్షణం నుంచి వెనక్కి చదువుకుంటూ పోయి, జీవితమంతా ఆ క్షణం కోసమే నడిచినట్టు కథ అల్లుతాం. సేనాని విలువ తేలేది ఆయన ఎలా మరణించారన్న దానివల్ల కాదు, ఆయన పోయిన మరునాడు ఆయన దళం ఏం చేసిందన్న దానివల్ల. ఉస్మాన్ విషయంలో సాక్ష్యం ఈ మాటకే బలమిస్తోంది. ఎదురు సాక్ష్యాలూ ఉన్నాయి కాబట్టి వాటినీ చూడాలి.

ఉస్మాన్ 1912 జూలై 15న అప్పటి ఆజంగఢ్ జిల్లాలోని బీబీపూర్‌లో పుట్టారు. తండ్రి పోలీసు అధికారి. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందిన చివరి భారతీయ బృందాల్లో ఆయనొకరు. ఆ తరవాత డెహ్రాడూన్ అకాడమీ రావటంతో మనవాళ్లు సముద్రం దాటి వెళ్లి సైనిక విద్య నేర్వాల్సిన అవసరం తీరింది. 1934లో కమిషన్ పొంది, రివాజు ప్రకారం ఏడాదిపాటు బ్రిటిష్ పటాలంలో పనిచేసి, 1935లో బలూచ్ రెజిమెంటులో చేరారు. వాయవ్య సరిహద్దులో మొహ్‌మంద్ తెగలపై జరిగిన చర్యల్లో కొండల యుద్ధం ఎలా ఉంటుందో చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేసి, బలూచ్ బెటాలియన్‌కు నాయకత్వం వహించే స్థాయికి ఎదిగారు. సరిహద్దు కొండల అనుభవం ఆయనకు తరవాత బాగా అక్కరకు వచ్చింది. శిఖరం ఎవరి చేతిలో ఉంటే లోయ వారిదేనన్న పాఠం అక్కడ నేర్చుకోనివాళ్లు లేరు. 1947లో బలూచ్ రెజిమెంటు పాకిస్థాన్ వాటాకు పోయింది. జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ స్వయంగా నచ్చజెప్పబోయినా ఆయన కదల్లేదని జీవితచరిత్రలన్నీ చెబుతాయి. డోగ్రా రెజిమెంటుకు మారి ఇక్కడే ఉండిపోయారు. 35 ఏళ్లకే బ్రిగేడియర్ కావటంలో ప్రతిభతో పాటు కాలం పాత్రా ఉంది. ఇంగ్లీషు అధికారులు ఒక్కసారిగా ఖాళీ చేసి వెళ్లిన కుర్చీల్లో ఆ తరం వారంతా వయసుకు మించిన బరువుతో కూర్చోవాల్సి వచ్చింది.

కశ్మీరు యుద్ధం సాగుతుండగా 1947 డిసెంబరులో ఆయన చేతికొచ్చిన 50వ పారాచూట్ బ్రిగేడు పరిస్థితి ఏమంత బాగాలేదు. నవంబరు చివరలో మీర్‌పూర్ పడిపోయింది. కోట్లీ దాకా వెళ్లిన మన దళం అక్కడ చిక్కుబడినవారిని తీసుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. డిసెంబరు 24న ఝంగర్ కూడా చేజారింది. పటం చూస్తే ఆ చిన్న ఊరికి అంత ప్రాముఖ్యం ఎందుకో తెలుస్తుంది. మీర్‌పూర్ నుంచి, కోట్లీ నుంచి వచ్చే దారులు అక్కడ కలిసి నౌషేరా వైపు సాగుతాయి. ఆ కూడలి ఎవరి చేతిలో ఉంటే దక్షిణ జమ్మూలో రాకపోకల తాళంచెవి వారి దగ్గరున్నట్టే. ఝంగర్ పోయాక తరవాతి వంతు నౌషేరాదని ఇరుపక్షాలకూ తెలుసు. అప్పుడు కొత్త బ్రిగేడియర్ ముందు రెండు మార్గాలున్నాయి. ఊరి చుట్టూ కందకాలు తవ్వుకుని దాడి కోసం కాచుకోవటం ఒకటి, ఊరికి ఎదురుగా ఉన్న ఎత్తులను ముందే పట్టుకోవటం రెండోది. పశ్చిమ సైనిక విభాగానికి అప్పుడే అధిపతిగా వచ్చిన కరియప్ప కూడా రెండోదే కోరారు. ఫిబ్రవరి 1న ఈశాన్యంలోని కోట్ శిఖర ప్రాంతం మన చేతికి వచ్చింది. ఆ దాడికి కరియప్ప ముద్దుపేరు కిప్పర్‌నే పెట్టారు. పై అధికారి కోరికను కిందివారు తీర్చే తీరులో ఆ మాత్రం సరసం ఆ రోజుల్లో ఉండేది.

అయిదు రోజులు తిరక్కుండానే, ఫిబ్రవరి 6 తెల్లవారుజామున నౌషేరాపై భారీ దాడి జరిగింది. వేల సంఖ్యలో వచ్చిన దాడిదారులకు కోట్ అండ లేకపోయింది. తైన్‌ధార్ గుట్ట మీద రెండో నెంబరు పికెట్‌లో ఉన్న 27 మందిలో 24 మంది చనిపోవటమో తీవ్రంగా గాయపడటమో జరిగింది. చివరి అలను దాదాపు ఒంటరిగా ఎదిరించి మరణించిన నాయక్ జదునాథ్ సింగ్‌కు పరమవీర చక్ర దక్కింది. నౌషేరా నిలిచింది. పత్రికలు ఉస్మాన్‌ను 'నౌషేరా సింహం' అన్నాయి. ఆ బిరుదు మోజులో పడి ఒక సంగతి మరిచిపోతాం. ఆ రోజు విజయంలో కొంత భాగం అయిదు రోజుల ముందే, కోట్ దగ్గర ఖాయమైంది. ఇంకో భాగం బ్రిగేడియర్ కంటికి కనిపించనంత దూరంలో, పేరు తెలియని సిపాయిలు తాము కూలేదాకా పట్టు వదలని పికెట్లలో తేలింది. బ్రిగేడియర్ చేయగలిగింది ఆ పికెట్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించటం, వాటి వెనక ఫిరంగులు, అదనపు బలం సిద్ధంగా ఉంచటం, అంతకన్నా ముఖ్యంగా వారిలో పట్టు వదలకూడదన్న సంకల్పం నాటటం. ఆ మూడూ దాడికి ముందు జరగాల్సిన పనులే.

ఝంగర్ తిరిగి చేజిక్కేదాకా మంచంమీద పడుకోనని ఆయన ఒట్టు పెట్టుకున్న కథ తెలిసిందే. చలికాలంలో నేలమీద చాప పరుచుకుని పడుకున్నారట. ఇలాంటి ప్రతినలు నాటకీయంగా తోస్తాయి, నిజమే. అయితే డిసెంబరులో ఓడి వచ్చిన బ్రిగేడుకు ఆ ఓటమి ఇంకా ముగిసిపోలేదని రోజూ గుర్తుచేయటానికి అంతకన్నా తేలికైన సాధనం ఏముంది? ఝంగర్ మీదికి బయలుదేరే ముందు సైనికులకు పంపిన సందేశంలో ఆయన మెకాలే పద్యపంక్తులు ఉటంకించారు. శాండ్‌హర్స్ట్ చదువు అలా తొంగిచూసింది. మేజర్ జనరల్ కల్వంత్ సింగ్ ఆధ్వర్యంలో, బ్రిగేడియర్ యదునాథ్ సింగ్ నడిపిన 19వ బ్రిగేడు, ఉస్మాన్ పారాచూట్ బ్రిగేడు కలిసి 1948 మార్చి 18 నాటికి ఝంగర్‌ను పట్టుకున్నాయి. దాని ఫలితం నెల తిరక్కుండానే కనిపించింది. ఏప్రిల్ 12న మన దళాలు రాజౌరీ చేరాయి. నౌషేరాలో అనాథ పిల్లలతో ఆయన ఏర్పాటు చేసిన 'బాలసేన'ను కూడా చరిత్రకారులు మెచ్చుకుంటూ చెబుతారు. గుళ్లవానలో తూటాలు, కబుర్లు మోసిన ముగ్గురు పిల్లలను నెహ్రూ సత్కరించారు. ఈ ఒక్క విషయంలో మెచ్చుకోలు నాకు గొంతు దిగదు. ఆ పిల్లలకు తిండీ చదువూ పెట్టటం మంచి పనే, యుద్ధంలోకి దించటం మాత్రం ఆ కాలానికి చెల్లింది కాబట్టే చెల్లింది. మహనీయుడిగా కొలవటం వేరు, మదింపు వేయటం వేరు.

ఇక మరణం. మే నెల నుంచి ఝంగర్ మీద ఒత్తిడి స్వరూపమే మారింది. అంతకు ముందు ఎదుట ఉన్నది ప్రధానంగా తెగలవారు, మాజీ సైనికులు. ఇప్పుడు క్రమశిక్షణ గల సైన్యం, దానికి తగ్గ ఫిరంగులు వచ్చాయి. జూలై 3 సాయంత్రం బ్రిగేడు ప్రధాన స్థావరం మీద 25 పౌండర్ ఫిరంగుల నుంచి గుళ్లు కురిశాయి. వాటిలో ఒకటి ఉస్మాన్ ప్రాణం తీసింది. మరో 12 రోజులు గడిస్తే ఆయనకు 36 నిండేవి. 25 పౌండర్ అంటే తెగలవారు భుజాన మోసుకొచ్చే ఆయుధం కాదు. దాన్ని నడపటానికి శిక్షణ పొందిన సిబ్బంది, లెక్కలు కట్టే పరిశీలకుడు, గుళ్ల సరఫరా కావాలి. అంటే ఎదుట ఉన్నది ఎవరో ఆ గుండే చెప్పింది. అదే నెలలో ఐక్యరాజ్య సమితి సంఘం కరాచీకి వచ్చినప్పుడు, తమ సైనిక బ్రిగేడులు మే నుంచి కశ్మీరులో ఉన్నాయని పాకిస్థాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ ఒప్పుకున్నారు. ఉస్మాన్ మరణంలో కత్తి దూసి ముందుకు ఉరకటం లేదు, చిట్టచివరి పిలుపు లేదు. తన స్థావరంలో తన పని చూసుకుంటున్న అధికారిపై దూరం నుంచి పడ్డ గుండు అది. దీన్ని వీరోచిత దాడిగా చిత్రించటం ఆయనకు పెంచే గౌరవం ఏమీ లేదు. మరణం యాదృచ్ఛికం, అక్కడ ఉండటం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఆ యుద్ధంలో అంత పెద్ద హోదాలో మరణించిన భారత సైన్యాధికారి మరొకరు లేరు. ఢిల్లీలో జరిగిన అంత్యక్రియలకు గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి, నెహ్రూ, ఆజాద్ వచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఇవన్నీ ఎవరైనా రాస్తారు. రాయాల్సిన ముఖ్యమైన వాక్యం ఇంకొకటుంది. జూలై 4న, ఆ తరవాతి నెలల్లో, 1949 జనవరి 1న కాల్పుల విరమణ నాటికి కూడా ఝంగర్ మన చేతిలోనే ఉంది.

దీని బరువు తెలియాలంటే మన చరిత్రలోనే ఎదురు ఉదాహరణ చూడాలి. 1565 జనవరిలో రాక్షసి తంగడి దగ్గర వృద్ధుడైన రామరాయలు స్వయంగా సేనను నడిపారు. ఆయన పట్టుబడి, తల తెగి, ఆ తల ఈటెకు ఎక్కేసరికి అంతటి విజయనగర సైన్యం చెల్లాచెదరైంది. తమ్ముడు తిరుమలరాయలు ధనాగారంతో, పేరుకు రాజైన సదాశివరాయలతో పెనుకొండకు తరలిపోయారు. రాజధానిని కాపాడే ప్రయత్నమే సరిగ్గా జరగలేదు. రామరాయల ధైర్యానికి లోటు లేదు. లోపమల్లా సైన్యమంతా ఒక్క మనిషి మెడమీద నిలబడటంలో ఉంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు పానిపట్టులో హేము కంటికి బాణం తగిలినప్పుడూ అదే జరిగింది. 1805లో ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ పోరు మధ్యలోనే తూటా తగిలి పడిపోయినా ఆయన నౌకాదళం గెలిచింది. ముందు రోజుల్లో ఆయన తన నౌకాధిపతులను పిలిపించి, తాను ఏం చేయదలచిందీ విడమరిచి చెప్పి, పొగలో సంకేతాలు కనిపించకపోయినా ఎవరి బుద్ధితో వారు పోరాడేలా తయారుచేశారు. ధైర్యంలో ముగ్గురూ సమానమే అనుకున్నా, ఫలితంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. సేనాని లేకపోయినా దళం నిలవగలగటమే గీటురాయి అయితే, ఆయన అసలు ముందు వరసకు ఎందుకు వెళ్లాలి, వెనకే ఉంటే సరిపోదా అని. సరిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ జనరళ్లు కోటల్లో విందులు చేసుకుంటూ కుర్రవాళ్లను చావుకు పంపారన్న అపవాదు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ యుద్ధంలో డెబ్బైమందికి పైగా బ్రిటిష్ జనరళ్లు ప్రాణాలు కోల్పోయారు. 1915లో లూస్ పోరులోనే ముగ్గురు డివిజన్ అధిపతులు పోయారు. కొండమీద ఏం జరుగుతోందో కళ్లారా చూడనిదే ఆజ్ఞ ఇవ్వలేని రోజులవి. తీగలు తెగిపోయేవి, వార్తాహరులు దారిలో చచ్చిపోయేవారు. 2022లో ఉక్రెయిన్‌లో రష్యా జనరళ్లు వరసగా చనిపోవటానికీ కారణం కొంత అదే. సమాచార వ్యవస్థ నమ్మదగినదిగా లేక, కింది అధికారులకు సొంతంగా నిర్ణయించే అలవాటు లేక, పెద్దవారే ముందుకు కదలాల్సి వచ్చింది. అంటే సేనాని ముందు వరసలో ఉండటానికి మంచి కారణాలూ ఉంటాయి, చెడ్డ కారణాలూ ఉంటాయి. 1944 జూలై 25న నార్మండీలో దాడిని చూడటానికి వెళ్లిన అమెరికన్ లెఫ్టినెంట్ జనరల్ మెక్‌నైర్ తమ విమానాల బాంబులకే బలయ్యారు. ఆ యుద్ధరంగంలో ఆయన చేయాల్సిన పనేమీ లేదు. ఉస్మాన్ ఝంగర్‌లో ఉండటానికి మాత్రం కారణం ఉంది. ఆ కూడలిని కాపాడటమే ఆయన ఉద్యోగం.

హైదరాబాదుతో ముడిపడ్డ ఉదాహరణ ఒకటి ఈ వాదనకు ఇంకా దగ్గరగా నిలుస్తుంది. లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దెషీర్ తారాపోర్ సైనిక జీవితం నిజాం సైన్యంలో మొదలైంది. అభ్యాసంలో ఒక సిపాయి విసిరిన గ్రెనేడు దగ్గరే పడితే, దాన్ని తీసి అవతలికి విసరబోయి గాయపడ్డారు. అలా నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ కంటపడి హైదరాబాద్ లాన్సర్లలోకి మారారు. ఉస్మాన్ మరణించిన రెండున్నర నెలలకు ఆ రాజ్యమే భారత్‌లో కలిసింది. 1951లో తారాపోర్ పూనా హార్స్‌లో చేరారు. 1965 సెప్టెంబరు 11న ఫిల్లోరా దగ్గర గాయపడినా ఆస్పత్రికి వెళ్లనన్నారు. 16న బుతూర్ డోగ్రాండీ దగ్గర తన ట్యాంకుకు గుండు తగిలి చనిపోయారు. ఆయన రెజిమెంటు ఆ తరవాతా పోరు ఆపలేదు. చావిండా మనకు దక్కలేదు, అది నిజం. అది మొత్తం డివిజన్ల లెక్క, ఒక రెజిమెంటు లెక్క కాదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో మరణించిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు గురించి కూడా తెలుగు పాఠకులు ఈ దిశలో ఆలోచించాలి. బెటాలియన్ అధిపతి స్థాయిలో ముందు నిలవటం సహజ ధర్మం. బ్రిగేడు, డివిజను స్థాయిలో అది ఒక నిర్ణయం, దానికి లెక్క చెప్పాలి.

రెండో ఆక్షేపణ మరీ గట్టిది. దళం నిలవటం, చెదరటం ఒక్క అధికారి చేతిలో ఉంటుందా? 1962 నవంబరు దీనికి బాధాకరమైన జవాబు చెబుతుంది. సేలా కనుమలో 62వ బ్రిగేడుకు నాయకత్వం వహించిన బ్రిగేడియర్ హోషియార్ సింగ్ అనుభవం గల అధికారి. ఆ ఎత్తు బలమైనది. అయినా పై స్థాయిలో డివిజన్, కోర్ అధిపతుల నడుమ అయోమయం, పోరాడకుండానే వెనక్కి రమ్మన్న ఆజ్ఞ, రాత్రిపూట కొండదారిలో ఉపసంహరణ, వీటిలో బ్రిగేడు ముక్కలైంది. నవంబరు చివరలో, చైనా కాల్పుల విరమణ ప్రకటించాక కూడా, కొద్దిమందితో నడుచుకుంటూ వస్తున్న హోషియార్ సింగ్ మాటుదాడిలో మరణించారు. ఆయన మరణం బ్రిగేడు పతనానికి కారణం కాదు, పర్యవసానం. కాబట్టి నా కొలతకు ఒక సవరణ చేసుకోవాలి. ఇది ఒక వ్యక్తికి మార్కులు వేసే కొలత కాదు, ఆయనా ఆయనపైవారూ కలిసి నిర్మించిన వ్యవస్థను తూచే కొలత. 1971 డిసెంబరులో ఛంబ్ దగ్గర పాకిస్థాన్ 23వ డివిజన్ అధిపతి మేజర్ జనరల్ ఇఫ్తికార్ జంజువా హెలికాప్టర్ కూలి మరణించారు. ఆయన పట్టుకున్న ఛంబ్ వారి చేతిలోనే ఉండిపోయింది, మునావర్ తవీ దాటి సాగాల్సిన దాడి మాత్రం విఫలమైంది. కట్టినది నిలిచింది, ఇంకా ఆయన ఊపు మీదే ఆధారపడ్డది ఆగింది. శత్రుపక్షం వాడే అయినా ఆయనకూ ఈ కొలత వర్తించాలి.

ఆ సవరణతో మళ్లీ ఝంగర్‌కు వద్దాం. ఉస్మాన్ పోయాక ఝంగర్ నిలిచిందంటే అందులో కల్వంత్ సింగ్‌కూ యదునాథ్ సింగ్‌కూ ట్యాంకుల వారికీ, జమ్మూ నుంచి రోడ్డు వేసుకుంటూ వచ్చిన ఇంజనీర్లకూ వాటా ఉందని ఎవరైనా అనవచ్చు. ఉంది. నేను కాదనను. అయితే అదే ఊరు, అదే బ్రిగేడు చేతిలో, ఆరు నెలల ముందు ఎందుకు చేజారిందో కూడా అడగాలి. డిసెంబరులో ఝంగర్ దూరాన విసిరేసినట్టున్న ఒంటరి స్థావరం. మార్చి తరవాత అది చుట్టూ ఎత్తులతో, వెనక భద్రమైన నౌషేరాతో ముడిపడిన స్థావరం. ఆ మార్పు నౌషేరా రక్షణతో మొదలైంది, నౌషేరా రక్షణ కోట్‌తో మొదలైంది. ఆ వరసలో ప్రతి మెట్టు దగ్గరా ఉస్మాన్ ఉన్నారు. ఆయన తలకు పాకిస్థాన్ వైపు 50 వేల రూపాయలు వెల కట్టారన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజమే అయినా శత్రువు కోపానికే సాక్ష్యం, సామర్థ్యానికి కాదు. బతికుంటే సైన్యాధ్యక్షుడు అయ్యేవారన్న మాట కూడా అంతే. 35 ఏళ్ల బ్రిగేడియర్లు అప్పుడు చాలామంది ఉన్నారు. ఊహతో కొలిచే కీర్తి ఆయనకు అక్కర్లేదు, చేసిన పని చాలు.

చివరి ఆక్షేపణ సున్నితమైనది. ఉస్మాన్ ముస్లిం కావటమే ఆయన కథకు ప్రాణం, సైనిక వివరాల్లో పడితే ఆ జాతీయ సందేశం పలచబడుతుందని కొందరు భావిస్తారు. నాకు ఆ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. ఆయనను ప్రతీకగా మాత్రమే నిలబెట్టేవారు తెలియకుండానే ఒక అవమానం చేస్తున్నారు. ఇతరులకు సహజమని ఒప్పుకునే దేశవిధేయత ఆయన విషయంలో మాత్రం వింత అయినట్టు ఆశ్చర్యపోతున్నారు. జదునాథ్ సింగ్ గురించి రాసేటప్పుడు ఆయన ఎటు వెళ్లలేదో ఎవరూ రాయరు, ఆయన ఏం చేశారో రాస్తారు. ఉస్మాన్‌కూ ఆ మర్యాద దక్కాలి. ప్రతీకను పూజించటం తేలిక కాబట్టి మరవటం కూడా తేలికే. జామియా మిల్లియా శ్మశానంలోని ఆయన సమాధి 2020లో పగిలి కనిపించి పత్రికలకెక్కేదాకా ఎక్కువమందికి అది ఎక్కడుందో తెలియదు. తరవాత సైన్యమే దాన్ని బాగుచేసింది. 1947-48 కశ్మీరు యుద్ధంపై రక్షణ మంత్రిత్వ శాఖ 1987లో అధికారిక చరిత్ర ప్రచురించింది. నౌషేరా, కోట్, ఝంగర్ పోరాటాలు అందులో ఉన్నాయి. వచ్చే జూలై 3న ఉస్మాన్‌కు నివాళి రాయబోయే తెలుగు పాత్రికేయులు కలం పట్టే ముందు ఆ పుటలు ఒకసారి తిరగేయాలని మనవి.